హరికథలోని అలిఖిత భాగము: ఆదిభట్ల నారాయణదాసుగారి కళాజీవితముపై కొంత విచారము

ఆధునికాంధ్ర వాఙ్మయ చరిత్రలలో శ్రీమదజ్జాడాదిభట్ల నారాయణదాసుగారి ప్రశంస సాధారణముగా రెండు తీరుల కనబడును. కవిత్వమును గూర్చి వ్రాయువారు ఆయన హరికథలలోని పద్యములను, అచ్చతెనుగు కూర్పును, అనువాదములను పరామర్శింతురు. సంగీతమును గూర్చి వ్రాయువారు ఆయన లయజ్ఞానమును, రాగవైవిధ్యమును కొనియాడుదురు. ఈ రెండును సముచితములే. కాని దాసుగారు జీవితకాలమున అధికభాగము చేసిన పని ఈ రెండింటిలో దేనికిని పూర్తిగా లొంగదు. కాలికి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, సభామధ్యమున ఒక్కరే నిలిచి, గంటలకొలది కథ చెప్పుట ఆయన వృత్తి. ఆ కథ చెప్పుటలో ముద్రిత గ్రంథమునకు ఎక్కని భాగమొకటి కలదు. అది సభలో అప్పటికప్పుడు పుట్టిన మాట. అందులోను ముఖ్యముగా అప్పటికప్పుడు పుట్టిన హాస్యము. దానిని విడిచి హరికథను విచారించుట, పాత్రల పట్టికను మాత్రము చదివి నాటకమును విచారించుట వంటిది. ఆ భాగము స్వరూపమెట్టిదో, దానికి ఆధారము లెట్టివో, పరిశోధకులు దానిని ఏ విధమున గ్రహింపవలెనో ఈ వ్యాసమున యథాశక్తి చర్చింపదలచితిమి.

మొదట దాసుగారి జీవితమును సంగ్రహముగా స్మరింతము. ఆయన 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమ్మగారు. మొదట పెట్టిన పేరు సూర్యనారాయణ. పసితనముననే పోతన భాగవత పద్యములు ఆయనకు కంఠస్థము లయ్యెననియు, పుస్తకములు అమ్మువాడొకడు ఆ బాలుని నోట వానిని విని మెచ్చి భాగవతమును బహూకరించెననియు ఒక కథ ప్రసిద్ధమై యున్నది. సంగీతమున తొలిపాఠములు బొబ్బిలిలో వాసా సాంబయ్యగారి యొద్ద జరిగెను. పిదప విజయనగరమున ఇంగ్లీషు చదువు సాగెను. 1883లో చెన్నపట్టణమునుండి వచ్చిన కుప్పుస్వామినాయుడు అను భాగవతుడు విజయనగరమున హరికథ చెప్పగా విని, తామును కథ చెప్పవలెనని నిశ్చయించుకొని, దాసుగారు ధ్రువచరిత్రమును రచించి సభకెక్కిరి. అప్పటికి ఆయన వయస్సు ఇంచుమించు పందొమ్మిదేండ్లు.

ఈ ఘట్టమున గమనింపదగిన విషయమొకటి కలదు. హరికథ మహారాష్ట్ర దేశపు కీర్తన సంప్రదాయమునుండి తంజావూరు మార్గమున దక్షిణమునకు వ్యాపించినదని పండితులు చెప్పుదురు. 1903లో కీర్తిశేషులైన తంజావూరు కృష్ణభాగవతారు తమిళదేశమున దానికి నూతన రూపమును దిద్దిరి. తెలుగుదేశమున యక్షగానము, జంగముకథ మొదలగు దేశి రూపము లంతకుముందే యుండుటచేత నేల సిద్ధమై యుండెను. దాసుగారు చూచినది పరదేశపు బాణీ. చేసినది తెలుగు రూపము. అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షము, ప్రహ్లాదచరిత్రము, రుక్మిణీకల్యాణము, సావిత్రీచరిత్రము, భీష్మచరిత్రము, యథార్థరామాయణము మున్నగు కథలు క్రమముగా వెలువడెను. సంస్థానములందును, పట్టణములందును దాసుగారు కథలు చెప్పుచు సంచరించిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల స్థాపింపబడినపుడు దానికి ప్రథమాధ్యక్షులై, 1936 వఱకు ఆ పదవి నిర్వహించిరి. 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన పరమపదించిరి. తొలి కథ చెప్పిన నాటినుండి తుది దినము వఱకు లెక్కించినచో అఱువదియేండ్లకు మించిన కళాజీవితము.

ఇంతటి దీర్ఘజీవితమునుండి మనకు మిగిలినది అచ్చుపుటలు. వానిలో పద్యము, కీర్తన, ద్విపద, రగడ, మంజరి, వాని నడుమ కొలదిపాటి గ్రాంథిక వచనము కానవచ్చును. ఈ గ్రంథము నొకటి తీసికొని ఎడతెగక చదివినచో, పాటలు కలుపుకొన్నను, అది సభలో పట్టు కాలమున కొంతభాగము మాత్రమే పట్టును. తక్కిన కాలమంతయు ఏమి జరిగినది? కథకుడు పద్యమును విప్పి చెప్పెను, పాత్రల సంభాషణమును వాడుకమాటలో పెంచెను, లోకవృత్తమును ఎత్తి చూపెను, పిట్టకథ చెప్పెను, ఎదుటనున్నవారిని నవ్వించెను. అచ్చుపుస్తకము కథకునకు బాట వంటిది. నడక బాటలో వ్రాసి యుండదు.

ఈ నడకలోని కష్టము తెలియవలెనన్నచో తక్కిన ప్రదర్శన రూపములతో పోల్చి చూడవలెను. హాస్యము సాధారణముగా వేఱొక నోటికి అప్పగింపబడును. సంస్కృత నాటకమున విదూషకుడు కలడు. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు కలరు. బుఱ్ఱకథలో ప్రధాన కథకునకు ఇరువైపుల వంతలుందురు. వారిలో నొకరికి హాస్యము, మఱియొకరికి రాజకీయ సాంఘిక వ్యాఖ్యానము వంతు. నాయకుడు నవ్వులపాలు కాకుండ, నవ్వు కథను చెఱుపకుండ ఈ విభాగము కాపాడును. హరికథకునకు ఇట్టి తోడు లేదు. పక్కవాద్యములవారు ఉందురు గాని మాట ఆయనదే. కేరళమునందలి చాక్యారుకూత్తులోను నటుడొక్కడే కథ చెప్పుచు సభను పరిహసించును. కాని అతడు విదూషక వేషముతోనే ప్రవేశించును. పరిహాసమునకు కావలసిన అనుజ్ఞ ఆ వేషముననే యున్నది. హరికథకుడన్ననో మెడలో పూలమాలతో, భక్తుని ఆహార్యముతో నిలుచును. ఆ యనుజ్ఞను ఆయన ప్రతి సభయందును తన కంఠముతో సంపాదించుకొనవలెను. పిదప అదే కంఠముతో కరుణకో భక్తికో మరలి రావలెను. నవ్వించుట ఒక విద్య. నవ్విన సభను మరల కన్నీటికి తెచ్చుట అంతకంటె కష్టమైన విద్య.

దీనికి మా యెఱుకలోని చిన్న నిదర్శనము చెప్పుటకు పాఠకులు అనుమతింతురుగాక. మా బాల్యమున, శ్రీరామనవమి పందిటిలో, ఒక కథకుడు గజేంద్రమోక్షము చెప్పుచుండగా వింటిమి. మొసలి ఏనుగు కాలు పట్టిన ఘట్టమున విద్యుద్దీపములు ఆరిపోయెను, మైకు మూగవోయెను. పిల్లలు కేకలు వేయజొచ్చిరి. చీకటిలోనుండి కథకుని గొంతు వినబడెను: "మొసలి ఏనుగు కాలు వదిలేసి మన కరెంటు తీగ పట్టుకొన్నట్టుంది." పందిరియంతయు నవ్వెను. ఆ నవ్వు పూర్తిగా అణగకముందే ఆయన చిడతలు తట్టి, ఏనుగుకు గూడ ఇట్టి చీకటియే క్రమ్మినదని చెప్పి, మైకు లేకయే గజేంద్రుని ప్రార్థనను ఎత్తుకొనెను. పందిరి నిశ్శబ్దమయ్యెను. ఎవరో పెట్రోమాక్సు దీపము వెలిగించి తెచ్చునప్పటికి శ్రీహరి వైకుంఠమునుండి బయలుదేరి యుండెను. చాల యేండ్లకు పరిశోధన నిమిత్తము గజేంద్రమోక్ష హరికథల ముద్రిత ప్రతులను చదివినపుడు ఆ రాత్రి మాకు జ్ఞప్తికి వచ్చెను. మేము వినిన కథలో మాకు మిగిలిన భాగము ఏ పుటయందును లేదు.

ఈ నిదర్శనమును విశ్లేషించినచో ఆశుహాస్యమునకు మూడు అంగములు కానవచ్చును. మొదటిది ప్రేరణ. అది కథలోని మాటనుండి పుట్టవచ్చును. సభలోని మనిషినుండి పుట్టవచ్చును. దీపమారుట, తంత్రి తెగుట, పసిబిడ్డ ఏడ్చుట మొదలగు ఆకస్మిక సంఘటననుండి పుట్టవచ్చును. రెండవది సంధానము. ఆకస్మికమైన దానిని కథలోని వస్తువుతో ముడివేయుట ఇందులోని పని. తీగను పట్టినది ఏదో ప్రాణి యన్నచో నవ్వు రాదు. గజేంద్రుని మొసలియే యగుటచేత నవ్వు వచ్చినది. మూడవది ప్రత్యావర్తనము, అనగా విడిచిన తావునకు మరలి వచ్చుట. చీకటి యను ఒక్క మాటను పట్టుకొని కథకుడు హాస్యమునుండి ఆర్తికి దాటెను. పిట్టకథయందును ఈ మూడంగములే పెద్ద కొలతలో నుండును. రుక్మిణీకల్యాణమున పెండ్లిమాట రాగానే నేటి పెండ్లిండ్ల తీరును వర్ణించి, మగపెండ్లివారి బెట్టును అనుకరించి, తుదకు శిశుపాలుని పెండ్లికొడుకుగా నిలిపి కథలో ప్రవేశించుట కథకులకు పరిచితమైన మార్గము.

ప్రత్యావర్తనమునకు లయజ్ఞానము ప్రాణము. దాసుగారి విషయమున దీనిని ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. రెండు చేతులతో, రెండు పాదములతో, శిరస్సుతో ఏకకాలమున వేర్వేరు తాళములను నిర్వహింపగల నేర్పుచేత ఆయనకు పంచముఖీ పరమేశ్వరుడను బిరుదము వచ్చెను. లయబ్రహ్మ యనియు కీర్తించిరి. సంగీతజ్ఞులు దీనిని అద్భుత ప్రదర్శనముగా వర్ణింతురు. మేము దీనిని కథనశక్తికి మూలముగా భావించుచున్నాము. హాస్యమునకు అర్థమెంత ముఖ్యమో కాలమును అంత ముఖ్యము. మాట అరక్షణము ముందు వచ్చినచో సభకు అందదు. అరక్షణము వెనుక వచ్చినచో చల్లారును. అట్లే వచనములో స్వేచ్ఛగా విహరించిన కథకుడు కీర్తన పల్లవికి వచ్చునపుడు మార్దంగికుని చేయి సిద్ధముగా నుండవలెను. ముందుగా కుదుర్చుకొన్న సంకేతము లేదు. కథకుని చిడత, పాదము, మాట విఱుపు, ఇవియే సంకేతములు. తాళము తన శరీరమున నిలిచినవాడే తాళమును విడిచి దూరముగా పోగలడు. దాసుగారి లయపాండిత్యమును, ఆయన వాక్స్వేచ్ఛను వేర్వేఱు అధ్యాయములలో వ్రాయు అలవాటు ఈ సంబంధమును మఱుగుపఱచినది.

ఆశుత్వమునకు ఆయన అవధానములు వేఱొక సాక్ష్యము. దాసుగారు అష్టావధానములు చేసిరి; వానిలో సంగీతపు అంశములను, తాళపు అంశములను చేర్చి ఆ ప్రక్రియను మఱింత కఠినముగా చేసిరి. అవధానమున అప్రస్తుతప్రసంగము అను అంశమొకటి కలదు. అవధాని పద్యమును మనస్సున కూర్చుచుండగా ఒకడు సంబంధము లేని ప్రశ్నలు వేయును. అవధాని చమత్కారముగా సమాధానము చెప్పి, విడిచిన పాదమునకు మరలి రావలెను. హరికథలోని ప్రత్యావర్తనమును ఇదియు ఒకే శక్తికి రెండు రూపములు. అవధానమున ఆటంకము కల్పించుటకు పృచ్ఛకుడు నియమితుడై యుండును. హరికథలో సభయంతయు పృచ్ఛకుడే.

హాస్యమును దాసుగారు తేలికగా చూడలేదనుటకు ఆయన గ్రంథములే చాలును. దంభపుర ప్రహసనమను పేర ఒక ప్రహసనమును వ్రాసిరి. నవరసతరంగిణియందు కాళిదాస షేక్స్పియరుల నాటకములనుండి రసానుగుణముగా భాగములను ఏర్చి తెనిగించిరి. శృంగార కరుణములతోపాటు హాస్యమును గూడ ఆ రెండు మహాకవుల యందును వెదకి, సరిపోల్చిన వ్యక్తి, తన సభలో హాస్యమును కేవలము కాలక్షేపమునకు వాడెనని తలంచుట యుక్తము కాదు.

విజయనగరమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1897లో కీర్తిశేషులైన ఆనందగజపతి మహారాజుగారి కాలమున ఆ పట్టణము సంగీత సాహిత్యములకు ఆశ్రయమై యుండెను. గురజాడ అప్పారావుగారు దాసుగారికంటె సుమారు రెండేండ్లు పెద్ద. ఇరువురును ఆ పట్టణమున వర్ధిల్లినవారే. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో పెంపొందిన రూపమున మరల వెలువడెను. అందు అప్పారావుగారు వాడుకమాటను, దానిలోని హాస్యమును కాగితముపై నిలిపిరి. కావుననే అది నేటికిని మన విమర్శకు అందుచున్నది. దాసుగారు అదే కాలమున, అదే జనుల యెదుట, వాడుకమాటలోని హాస్యమును గాలిపై నిలిపిరి. గ్రంథమునకు మాత్రము పద్యమును, కీర్తనను, గ్రాంథిక వచనమును ఇచ్చిరి. తత్ఫలముగా వ్యావహారిక భాషా చరిత్రలో అప్పారావుగారికి అగ్రస్థానము, దాసుగారికి అచ్చతెనుగు పండితస్థానము సంక్రమించెను. అచ్చులో కనబడు దాసుగారును, సభలో వినబడు దాసుగారును ఒకరే యైనను, మన చరిత్ర మొదటివారిని మాత్రమే యెఱుగును. ఈ తీర్పు ఆధారముల లభ్యతనుబట్టి ఏర్పడినదే గాని కళాస్వరూపమునుబట్టి ఏర్పడినది కాదని మా మనవి.

ఆధారములను గూర్చి జాగ్రత్త అవసరము. దాసుగారి చమత్కారములని ప్రచారములో నున్న కథలు పెక్కులు. ఒకే సమాధానము ఒకచోట ఒక జమీందారుకును, వేఱొకచోట మఱియొక అధికారికిని చెప్పినట్లు వినబడుచుండును. తెనాలి రామకృష్ణునకు జరిగినదే దాసుగారికిని జరుగుచున్నది. ఇట్టి కథలు సంఘటనకు సాక్ష్యములు కావు. కథకునినుండి సభ ఏమి కోరెనో దానికి మాత్రము సాక్ష్యములు. దాసుగారి స్వీయచరిత్రమైన నా యెఱుక విలువైనది. కాని అది ఆయన ముప్పదేండ్ల వయస్సు వఱకే సాగినది. అనగా ప్రౌఢదశ యంతయు అందులో లేదు. మైసూరు ఆస్థానమున ఆయన గానమును ఫోనోగ్రాఫున పట్టిరని ప్రతీతి. ఆ ధ్వని నేడు మన చెవికి అందుట లేదు. అందినను, ఆ నాటి యంత్రము పట్టగలిగినది కొన్ని నిమిషముల పాటను మాత్రమే. మూడు గంటల సభను, అందలి నవ్వును అది పట్టజాలదు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. పిట్టకథలు హరికథకు కళంకములనియు, పామరరంజనమునకై చేరిన మిశ్రమములనియు, వానిని విడిచి శుద్ధమైన సాహిత్యమును, గానమును మాత్రమే విచారించుట మేలనియు కొందఱు పెద్దలు తలంతురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. పిట్టకథ పెరిగి కథను మ్రింగిన సభలను, భక్తికథ నడుమ నిష్కారణముగా సినిమా పాట వరుసలు వచ్చిన సభలను మేమును విని యున్నాము. అయినను దుర్వినియోగమునుబట్టి అంగమును త్రోసివేయుట తగదు. నవ్వు కథలోని వస్తువును తాకి, సభను ముందటికంటె కథకు దగ్గఱ చేసినచో అది అంగము. తాకక, సభను వేఱొకచోట విడిచినచో అది అతుకు. ఈ కొలతతో చూచినచో పెట్రోమాక్సు వెలుగునకు ముందు మేము వినిన ఆ ఒక్క వాక్యము అంగమే యగును.

హరికథ గతించిన కళ కాదు. కపిలేశ్వరపురమున హరికథా పాఠశాల వెలసినది. స్త్రీలు పలువురు ఈ కళను చేపట్టి రాణించిరి. హరికథాగానమునకుగాను కోట సచ్చిదానందశాస్త్రిగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించెను. అయినను విశ్వవిద్యాలయములలో హరికథపై జరుగు పరిశోధన అధికభాగము ముద్రిత ప్రతులలోని ఛందస్సులను, రాగములను, అలంకారములను లెక్కించుటతో ముగియుచున్నది. ఈ లోపమునకు మేమును అతీతులము కాము. మా సిద్ధాంతగ్రంథమునందు హరికథలను గూర్చిన ప్రకరణము నలువది పుటలుండగా, సభను గూర్చి వ్రాసినది ఒక్క పుట.

దీనికి మార్గము మన శాస్త్రముననే కలదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించునపుడు మనము పాఠభేదములను సేకరింతుము. ఏ ప్రతి ఎచట, ఎవరికొఱకు వ్రాయబడినదో గుర్తింతుము. హరికథయందు ప్రతి సభయు ఒక ప్రతి. ఒకే కథకుడు ఒకే కథను రెండు గ్రామములలో చెప్పగా రెండింటిని ఆద్యంతము ధ్వనిముద్రణము చేసి, పక్కపక్కన నిలిపి చూడవలెను. రెండింటను సమానముగా నున్నది కంఠస్థ పాఠము. భేదించినది ఆ సభలో పుట్టినది. కథకుడు ఏ మాటపై కథను విడిచెనో, ఏ మాటపై మరలి వచ్చెనో, ఎంతసేపు పట్టెనో, మార్దంగికుడు ఎచట అందుకొనెనో గుర్తింపవలెను. సభలోని నవ్వును, నిశ్శబ్దమును గూడ పాఠములో భాగముగా వ్రాయవలెను. రేడియో కేంద్రముల ముద్రణములు దీనికి పూర్తిగా చాలవు. శ్రోతలు లేని గదిలో, నియమిత కాలమున చెప్పిన కథలో పృచ్ఛకుడు లేడు గదా.

దాసుగారి సభలు మనకు మరల లభింపవు. ఆయన అఱువదియేండ్ల కళాజీవితమున అలిఖిత భాగము ఆయనతోడనే ముగిసినది. కాని ఆ విద్య ఎట్టిదో చూపగల కథకులు నేడును పందిళ్లలో నిలుచుచున్నారు. వారిలో పలువురు వృద్ధులు. వారి ముద్రిత పుస్తకములు గ్రంథాలయములలో నుండును, తొందరలేదు. మా శాఖలోని పరిశోధక విద్యార్థులు మొదట వారి సభలకు పోవలెనని కోరుచున్నాము.